పాత ప్లేయర్ నుంచి కొత్తదానికి: పది రోజుల వినికిడి, కొన్ని సందేహాలు

చౌరస్తా శ్రోత (హన్మకొండ)

సభ్యులందరికీ నమస్కారం. పదేళ్లకు పైగా వాడిన చిన్న మ్యూజిక్ ప్లేయర్, కాజీపేటలో రైలెక్కితే ఆలేరు రాకముందే చార్జింగ్ అయిపోయి ఆగిపోవడం మొదలుపెట్టాక, ఆరునెలలు ఊగిసలాడి చివరికి కొత్తది కొన్నాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే చర్చంతా ఆ కంపెనీ మంచిదా చెడ్డదా అన్న తగవులో పడిపోతుంది. పద్దెనిమిది వేల చిల్లర ధర, ఆండ్రాయిడ్ కాని సొంత సాఫ్ట్‌వేర్, 3.5 మి.మీ. మామూలు సాకెట్టు, 4.4 మి.మీ. బ్యాలెన్స్‌డ్ సాకెట్టు, మెమరీ కార్డు, పక్కన వాల్యూము చక్రం. ఇంత తెలిస్తే చాలుననుకుంటాను.

ముందుగా చేతికి తెలిసిన సంగతులు చెబుతాను. పాతది అగ్గిపెట్టెంత ఉండేది, జేబులో ఉందో లేదో తడుముకొని చూసుకోవలసి వచ్చేది. కొత్తది చొక్కా జేబును ఒక పక్కకు గుంజుతుంది. అయితే వాల్యూము చక్రం మాత్రం నాకు బాగా నచ్చింది. తిప్పుతుంటే ఒక్కో మెట్టుకు వేలి కొసకు సన్నగా టిక్కుమని తగులుతుంది, ఆ టిక్కు చెవికి వినిపించదు. జేబులో నుంచి తీయకుండానే మూడు మెట్లు తగ్గించానని వేలే చెబుతుంది. ఈ చక్రమే నాలుగో రోజున నన్ను బెదిరించింది కూడా: భువనగిరిలో జనం ఒక్కసారిగా తోసుకొని ఎక్కినప్పుడు ఎవరి సంచో రాసుకొని చక్రం గిర్రున పైకి తిరిగింది, చెవుల్లో పిడుగు పడ్డట్టయింది. స్క్రీన్ ఆరిపోయినప్పుడు చక్రం పనిచేయకుండా చేసే సెట్టింగు ఉందని ఆ రాత్రి వెతికితే కనబడింది. కొత్తగా కొన్నవారు మొదటి రోజే ఆ పని చేసుకోవాలని మనవి.

ఇక శబ్దం. పాతదానిలో పాట మొదలయ్యే ముందు వినిపించే 'స్స్' అనే సన్నని మోత దీనిలో లేదు. వీణ సీడీ నుంచి ఎక్కించుకొన్న ఫ్లాక్ ఫైళ్లు (శబ్దంలో ఏదీ పోకుండా కుదించే రకం) విన్నాను, బాగున్నాయి. కానీ నన్ను కూర్చోబెట్టింది అది కాదు. మా బాపు 1991 సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు పూజారులు చెప్పిన కథను చిన్న టేప్‌రికార్డరులో పట్టుకొచ్చారు. ఆ క్యాసెట్లలో ఒకదాన్ని చాలాకాలం కిందట కంప్యూటరులోకి ఎక్కించి ఉంచాను. దాన్ని కొత్త ప్లేయరులో వింటుంటే, డోలు చప్పుడు ఆగిన ఒక సందులో, మైకుకు దగ్గరగా మా బాపు ఎవరితోనో "జర జరుగు, తీగ తొక్కుతున్నవ్" అనడం వినిపించింది. ఆ ఫైలు నేను ఇదివరకు కనీసం ఇరవైసార్లు విని ఉంటాను, ఆ మాట ఎప్పుడూ వినలేదు.

నాకు మూడు సందేహాలున్నాయి. 4.4 సాకెట్టులో విన్నప్పుడు శబ్దం మరింత విశాలంగా, గొంతులు విడివిడిగా ఉన్నట్టు తోస్తోంది. ఇది నిజమా, నా భ్రమా? మిగిలిన పదకొండు క్యాసెట్లను ఎక్కించేటప్పుడు సీడీకి వాడే 16 బిట్, 44.1 కన్నా సూక్ష్మమైన 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించడం వల్ల లాభముందా? అన్నిటికన్నా చిరాకు పెట్టేది మూడోది: తెలుగు పేర్లు స్క్రీన్ మీద ముక్కలుగా వస్తున్నాయి. 'ఒగ్గు' అన్నది 'ఒగ్‌గు' అని, 'మల్లన్న' అన్నది 'మల్‌లన్‌న' అని కనబడుతోంది.

రిపేరు బల్ల (వరంగల్)

శ్రోత గారూ, స్టేషన్ రోడ్డులో ముప్పయ్యేళ్లుగా టేప్‌రికార్డర్లు, ఆంప్లిఫయర్లు విప్పి బిగించిన చేతులు నావి కాబట్టి మొదటి సందేహానికి జవాబు చెప్పే సాహసం చేస్తున్నాను. బ్యాలెన్స్‌డ్ సాకెట్టులో ఒక్కో చెవికి ఒకటి కాక రెండు ఆంప్లిఫయర్లు పనిచేస్తాయి, ఒకటి ముందుకు తోస్తే అదే సమయంలో రెండోది వెనక్కి లాగుతుంది. కనుక చక్రం ఒకే అంకె మీద ఉన్నా ఇయర్‌ఫోనుకు అందే వోల్టేజీ సాధారణంగా రెట్టింపవుతుంది. మామూలు సాకెట్టులో 1 వోల్టు వస్తోందనుకుంటే 32 ఓముల ఇయర్‌ఫోనుకు సుమారు 31 మిల్లీవాట్లు అందుతాయి; అదే 2 వోల్టులైతే 125 మిల్లీవాట్లు. డెసిబెళ్లలో చెబితే 6 ఎక్కువ. మనిషి చెవి స్వభావమేమిటంటే, కొంచెం బిగ్గరగా ఉన్నదాన్ని 'బిగ్గర' అనుకోదు, 'బాగుంది' అనుకుంటుంది. నా దుకాణంలో పాత రోజుల్లో టూ-ఇన్-వన్ (రేడియో, టేపు కలిసిన పెట్టె) అమ్మేవారు చేసే ఉపాయం ఇదే: అమ్మదలచుకున్నదాన్ని ఒక గీత ఎక్కువ పెట్టి వినిపించేవారు.

బ్యాలెన్స్‌డ్‌లో ప్రయోజనమే లేదని నేను అనడం లేదు. 300 ఓముల హెడ్‌ఫోన్లు వాడేవారికి ఆ అదనపు వోల్టేజీ నిజంగా పనికొస్తుంది, ఎడమ కుడి తీగలు ఒకే గ్రౌండును (కరెంటు తిరిగివచ్చే తీగను) పంచుకోకపోవడం వల్ల ఒకదాని శబ్దం రెండోదానిలోకి కారడం కూడా తగ్గుతుంది. కానీ చెవిలో దూర్చుకొనే చిన్న ఇయర్‌ఫోన్లతో రైల్లో వినేటప్పుడు ఆ తేడా పట్టుకోగలిగితే మీ చెవులకు దండం పెట్టాలి.

ఒక హెచ్చరిక మాత్రం తప్పకుండా చేయాలి. 4.4 సాకెట్టుకు 3.5 పిన్ను ఇయర్‌ఫోను తగిలించే చవక కన్వర్టర్లు బజారులో దొరుకుతాయి, వాటిని ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి. మూడు భాగాల 3.5 పిన్నులో రెండు చెవుల గ్రౌండు ఒకటే కాబట్టి, లోపల వెనక్కి లాగే రెండు ఆంప్లిఫయర్ల మొనలు ఒకదానికొకటి కలిసిపోయి షార్టవుతాయి. అలా చేసుకొచ్చిన ప్లేయర్లు నా బల్ల మీదికి రెండు వచ్చాయి, రెండూ తిరిగి పాడలేదు.

సెకండ్ షిఫ్ట్ (గోదావరిఖని)

రిపేరు బల్ల అన్నగారి లెక్కలు కాదనలేను గానీ, ప్రతి తేడానూ వోల్టేజీతోనే కొలుస్తామంటే ఒప్పుకోను. నేను భూగర్భ గనిలో పనిచేస్తాను. మీథేన్ ఉండే చోటు కనుక సెల్లు, ప్లేయర్, గడియారం బ్యాటరీతో సహా అనుమతి లేని ఏ కరెంటు వస్తువూ లోపలికి తీసుకుపోకూడదు. రెండో షిఫ్టు దిగి పైకి వచ్చేసరికి అర్ధరాత్రి కావస్తుంది. నాకు దక్కేది ఇంటికి వెళ్లే అరగంట, ఇంట్లో అందరూ పడుకున్నాక మరో గంట. ఫోనులో విన్నన్నాళ్లు ఆ గంటన్నరలో సగం వాట్సాప్ తినేసేది. ప్లేయరుకు ఫోను రాదు, మెసేజీ రాదు. నాకు అది డెసిబెళ్లకన్నా పెద్ద తేడా.

శ్రోత అన్నా, బ్యాటరీ విషయంలో ఒక మాట. మా రామగుండం వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. నేను నిరుడు ఎండాకాలంలో ప్లేయరును బండి డిక్కీలో మరచిపోయి డ్యూటీకి పోయాను. తిరిగొచ్చి చూస్తే పనిచేస్తూనే ఉంది, కానీ నెల తిరిగేసరికి లోపలి బ్యాటరీ ఉబ్బి స్క్రీన్ ఒక మూల లేచింది. తప్పు వస్తువుది కాదు, నాది. లిథియం బ్యాటరీని వేడిలోనూ, నిండా చార్జి చేసిన స్థితిలోనూ ఎక్కువకాలం ఉంచకూడదు. వారాల తరబడి వాడబోమనుకుంటే సగం చార్జితో చల్లని చోట పెట్టాలి.

అక్షరం ముక్క (జగిత్యాల)

నేను డీటీపీ పనిచేస్తాను, అందుచేత మూడో సందేహం నాకు వదిలేయండి.

శ్రోత గారి ప్లేయరులో తెలుగు ఫాంటు ఉంది. లేకపోతే అక్షరాల స్థానంలో ఖాళీ పెట్టెలు వచ్చేవి. లోపమంతా అక్షరాలను కూర్చే చోట ఉంది. యూనికోడ్‌లో 'ఒగ్గు' అనే మాట ఐదు సంకేతాలుగా నిల్వ ఉంటుంది: ఒ, గ, పొల్లు, గ, ఉకారపు కొమ్ము. మధ్యలోని గ-పొల్లు-గ మూడింటినీ చూసి 'ఇక్కడ రెండో గకారాన్ని ఒత్తుగా మార్చి కింద పెట్టాలి' అని నిర్ణయించే పని ఫాంటు ఒక్కటే చేయలేదు, ఫాంటులోని నియమాలను చదివి అమలుపరిచే మరో ప్రోగ్రాము కావాలి. ఆండ్రాయిడ్‌లో ఆ పనిని హార్ఫ్‌బజ్ చేస్తుంది. మీ ప్లేయరు వంటి చిన్న సాఫ్ట్‌వేర్లు ఒక సంకేతానికి ఒక బొమ్మ చొప్పున వరుసగా గీసుకుంటూ పోతాయి. ఇంగ్లీషుకు, చైనా లిపికి, జపాను లిపికి అది సరిపోతుంది. మనకు, హిందీకి, తమిళానికి సరిపోదు. అందుకే ఫాంటు మార్చినా ఫలితం ఉండదు.

పాత ఎంపీ3 ఫైళ్లతో ఇంకో చిక్కుంది. వాటిలో పాట పేరు రాసే ఐడీ3 ట్యాగు మొదటి రకంలో పేరుకు 30 అక్షరాల చోటే ఉండేది, తెలుగు సంకేతాలకు అసలు వీలే లేదు. రెండో రకం ట్యాగుల్లోనే యూనికోడ్ వచ్చింది. ప్రశ్నార్థకాలు కనబడే ఫైళ్లుంటే కంప్యూటరులో ట్యాగును రెండో రకానికి మార్చి మళ్లీ రాయండి.

ఒత్తుల సంగతికి నేను వాడే ఉపాయం మొరటుది, కానీ పనిచేస్తుంది. ఫైలు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, ఆల్బమ్ బొమ్మ మీద తెలుగులో పెద్దగా పేరు రాసి అతికిస్తాను. బొమ్మ బొమ్మే కనుక ఒత్తులు ఎక్కడికీ పోవు. 500 పిక్సెళ్ల చతురస్రపు జేపెగ్ సరిపోతుంది, దాచేటప్పుడు 'ప్రోగ్రెసివ్' అనే గడి తీసేయండి. కొన్ని ప్లేయర్లు ఆ రకాన్ని చదవలేవు. ఫైళ్ల పేర్లకు ముందు 1, 2, 10 అని కాక 01, 02, 10 అని పెట్టకపోతే పదో భాగం రెండోదానికన్నా ముందు వస్తుంది. కథ వినేవారికి ఇది పాటలు వినేవారికన్నా పెద్ద బాధ.

చౌరస్తా శ్రోత (హన్మకొండ)

అక్షరం ముక్క గారూ, బొమ్మ ఉపాయం ఇప్పుడే ఒక ఫైలుకు చేసి చూశాను. పసుపు బండారు రంగు మీద నల్లని అక్షరాల్లో 'మల్లన్న కథ, మొదటి పక్క' అని పూర్తి ఒత్తులతో వచ్చింది. పదిరోజుల చిరాకు పది నిమిషాల్లో తీరింది.

రిపేరు బల్ల గారు చెప్పింది చదివాక ఇంకో పని కూడా చేశాను, చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. అదే ఒగ్గు కథ ఫైలును నా ఫోనులో, ఇయర్‌ఫోను తగిలించుకొనే ఎనిమిది వందల రూపాయల టైప్‌-సి డాంగిల్‌తో, అదే ఇయర్‌ఫోన్లతో విన్నాను. బాపు గొంతు అక్కడా ఉంది. అంతే స్పష్టంగా ఉంది.

రిపేరు బల్ల (వరంగల్)

సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కొత్త వస్తువు చేతికి వస్తే మనిషి పని మానుకొని కూర్చొని వింటాడు, అన్నేళ్లూ రైల్లో అన్యమనస్కంగా విన్నదాన్ని. ఆ మాట ఫైలులో మొదటి నుంచీ ఉంది.

క్యాసెట్ కాక (కరీంనగర్)

శ్రోత తమ్ముడూ, ప్లేయర్ల సంగతి నాకు పెద్దగా పట్టదు గాని ఆ పదకొండు క్యాసెట్ల మాట వినగానే కుర్చీ ముందుకు జరుపుకున్నాను. నా దగ్గర మిమిక్రీ చక్రవర్తి నేరెళ్ల వేణుమాధవ్ గారి కార్యక్రమాల క్యాసెట్లతో సహా నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి, వాటిలో సగం ఇప్పటికి ఎక్కించాను. తొందరపడి చేసిన మొదటి యాభైని మళ్లీ చేయవలసి వచ్చింది. ఆ తప్పులు నీవు చేయకూడదని రాస్తున్నాను.

ముప్పయ్యేళ్లు కదలని క్యాసెట్టును నేరుగా ప్లే చేయకు. ముందు విప్పి, టేపుకు వెనక ఉండే స్పాంజి మెత్త ఊడిపోలేదని చూడు. దాన్ని పట్టే జిగురు ఎండిపోయి, మెత్త రాలిపోవడం మామూలు. అది లేకపోతే టేపు హెడ్డుకు ఆనదు, శబ్దం మూటలో నుంచి వచ్చినట్టుంటుంది. తరువాత ఒకసారి చివరిదాకా చుట్టి, మళ్లీ వెనక్కి చుట్టు. హెడ్డును, రబ్బరు రోలరు పక్కనున్న ఇనుప కడ్డీని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడువు. దూదికి గోధుమరంగు అంటడం ఆగేదాకా తుడవాలి.

అసలు కీలకం హెడ్డు వంపులో ఉంది. మీ బాపు రికార్డరు హెడ్డు ఏ కోణంలో ఉండి రాసిందో, చదివే డెక్కు హెడ్డు అదే కోణంలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా పైస్థాయి శబ్దాలు, అంటే తాళాల మోత, నపీర (సన్నాయి వంటి ఊదే వాద్యం) కొస, 'స'కారాలు మొద్దుబారిపోతాయి. హెడ్డు పక్కన స్ప్రింగున్న చిన్న మర ఉంటుంది, దాన్ని క్యాసెట్టు ఆడుతుండగానే సన్నని స్క్రూడ్రైవరుతో పావువంతుకు మించకుండా అటూ ఇటూ తిప్పి, తాళాలు అన్నిటికన్నా పదునుగా వినిపించే చోట ఆపాలి. మీ బాపుది ఒక్క మైకున్న మోనో రికార్డరై ఉంటుంది కాబట్టి పని ఇంకా సులువు: రెండు చానళ్లనూ ఒకటిగా కలిపి విను, వంపు తప్పితే పైస్థాయి ఒకదాన్నొకటి కొట్టేసుకొని మసకబారుతుంది, కుదరగానే తెరలేచినట్టు వస్తుంది.

96 కిలోహెర్ట్జ్ నీకు అక్కరలేదు. క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది, ఇంటి రికార్డరులో రాసినదానిలో 12, 13 కిలోహెర్ట్జ్ పైన ఉండేది చాలావరకు టేపు బుసే. 90 నిమిషాల క్యాసెట్టు 16 బిట్, 44.1లో కుదించకుండా దాదాపు 950 మెగాబైట్లు, 24 బిట్, 96లో 3.1 గిగాబైట్లు. బుసను అంత శ్రద్ధగా దాచుకోవడం దేనికి? అయితే ఎక్కించేటప్పుడు మాత్రం 24 బిట్ పెట్టుకో, డోలు ఎప్పుడు విరుచుకుపడుతుందో తెలియదు కాబట్టి లెవెలు 10 డెసిబెళ్లు కిందికి ఉంచి నిశ్చింతగా పట్టుకోవచ్చు. అంతా సరిచేశాక 16 బిట్ ఫ్లాక్‌గా మార్చు. ఒక చానలే ఉంచితే అందులోనూ సగం తగ్గుతుంది.

భద్రకాళి బండ్ (హన్మకొండ)

అందరికీ నమస్కారం. నేను వీణ నేర్పుతాను, సాయంత్రం చెరువు బండ్ మీద నడిచేటప్పుడు వింటాను. కాక గారూ, ఎంపీ3 చేయవద్దని మీరు స్పష్టంగా రాయలేదు, ఆ మాట నేను కలుపుతాను. ఎంపీ3 తన పద్ధతి ప్రకారం ఫైలు మొదట్లో, చివర్లో కొంత నిశ్శబ్దాన్ని చేరుస్తుంది. విడివిడి పాటలకు అది తెలియదు, కానీ ఆగకుండా సాగే కథను గాని, రాగం నుంచి తానానికి జారే ఆలాపనను గాని ముక్కలు చేస్తే, ముక్కకు ముక్కకు మధ్య ఎక్కిళ్లు వచ్చినట్టు ఉంటుంది. కొన్ని ప్లేయర్లు దాన్ని కత్తిరించగలవు, అన్నీ కాదు. ఫ్లాక్‌లో ఈ బెడదే లేదు. తాళాలు మోగే చోట 128 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఎంపీ3 నీళ్లలో ముంచినట్టు వినిపించడం నా విద్యార్థులు కూడా పట్టుకుంటారు. 320లో మాత్రం నేను పట్టుకోలేను, పట్టుకోగలనని బడాయికి పోను.

శ్రోత గారి చక్రం సంఘటన చదివి నిజంగా భయమేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్లు. 3 డెసిబెళ్లు పెరిగితే ఆ గంటలు సగమవుతాయి, 83కు 20 గంటలే. రిపేరు బల్ల గారన్న ఆ 6 డెసిబెళ్లు పెరిగితే 40 గంటల కోటా 10కి దిగుతుంది. రోజూ రైల్లో వెళ్లివచ్చేవారు ప్లేయరు కన్నా ముందు చెవికి సరిగ్గా బిగిసే రబ్బరు తొడుగులు చూసుకోవాలి. బయటి హోరు తగ్గితే వాల్యూము దానంతటదే తగ్గుతుంది. నా కుడి చెవికి మధ్యస్థం, ఎడమ చెవికి చిన్నది సరిపోయాయి. పెట్టెలో ఇచ్చిన జత రెండూ ఒకే సైజు పెట్టుకోవాలనే నియమమేమీ లేదు.

బ్లూటూత్ సంగతి ఎవరూ ఎత్తలేదు. సీడీ శబ్దం సెకనుకు 1411 కిలోబిట్లు. బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి పంపే ఎల్‌డాక్ పద్ధతి అన్నిటికన్నా బాగా పనిచేసినప్పుడు కూడా 990. అంటే ఆ పద్ధతిలో తీగ లేకుండా వింటే మధ్యలో కొంత వదిలేసి పంపుతున్నట్టే. నడకలో నాకు అది చాలు.

సెకండ్ షిఫ్ట్ (గోదావరిఖని)

అన్నగారూ, ఫోనులో కూడా బాపు గొంతు ఉందన్న మాటతో ప్లేయరు వృథా అని తేల్చేశారా? అర్ధరాత్రి ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వింటే ప్లేయరులో తాళాల మోత ఆరిపోవడం నాకు వేరుగా వినిపిస్తుంది. నేను ఊహించుకుంటున్నానని ఎవరైనా అంటే ఊరుకోను.

రిపేరు బల్ల (వరంగల్)

తమ్ముడూ, ఊహించుకుంటున్నావని నేను అనను, పరీక్షించి చూడమంటాను. రెండు పరికరాలలోనూ 200 హెర్ట్జ్ మోతనిచ్చే ఫైలు వేసి, ఇయర్‌ఫోను తగిలించి ఉండగానే పిన్ను దగ్గర మల్టీమీటరును ఏసీ వోల్టులలో పెట్టి కొలవాలి. చవక మీటర్లు కరెంటు లైను 50 హెర్ట్జ్ కోసం చేసినవి, 1000 హెర్ట్జ్ దగ్గర అబద్ధమాడతాయి. రెండు కొలతలూ నూటికి ఒకటికి మించి తేడా లేకుండా కుదిరితే మంచిది. తరువాత వేరొకరు నాణెం ఎగరేసి, ఏది పెట్టారో చెప్పకుండా పదిసార్లు వినిపించాలి. పదిలో తొమ్మిది సరిగ్గా చెబితే నేను నీ కాళ్లకు మొక్కుతాను. గుడ్డిగా చెప్పినా తొమ్మిదో పదో కుదిరే అవకాశం నూటికి ఒకటే.

చౌరస్తా శ్రోత (హన్మకొండ)

ఆదివారం పరీక్ష జరిగింది. నాణెం ఎగరేసింది మా పెద్దమ్మాయి, నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను, పిన్ను మార్చే చప్పుడు తెలియకుండా ప్రతిసారీ రెండు పిన్నులూ ఊడబెరికి పెట్టింది. దాని ఉత్సాహం చూస్తే పదోతరగతి పరీక్షల కన్నా దీన్నే గట్టిగా పట్టించుకున్నట్టుంది. ప్లేయరులో వాల్యూము అర డెసిబెలు మెట్లలోనే మారుతుంది కాబట్టి నూటికి ఒకటి లోపల కుదరలేదు, నూటికి రెండున్నర తేడా మిగిలింది.

వీణ ఫైలుతో ఫోను డాంగిల్‌కు, ప్లేయరు 3.5 సాకెట్టుకు మధ్య పదిలో ఏడు సరిగ్గా చెప్పాను. ఎగిరి గంతేసేలోపే అమ్మాయి లెక్క కట్టింది: నాణెం ఎగరేసినా ఏడో అంతకన్నా ఎక్కువో కుదిరే అవకాశం నూటికి పదిహేడు. ఒగ్గు కథను 24 బిట్, 96లో ఒకసారి, 16 బిట్, 44.1లో ఒకసారి వింటే పదిలో ఐదు. అంటే ఏమీ తెలియలేదన్నమాట. పాత ప్లేయరుకు, కొత్తదానికి మధ్య మాత్రం పదికి పది చెప్పాను, పాట మొదలుకాక ముందే ఆ 'స్స్' మోతతో.

4.4 సాకెట్టుకు, 3.5కు ఒకే ఇయర్‌ఫోను తగిలించే వీలున్న తీగ నా దగ్గర లేదు. రిపేరు బల్ల గారి హెచ్చరిక చదివాక కన్వర్టరు జోలికి పోలేదు. 4.4లో చక్రం పన్నెండు మెట్లు, అంటే ఆ 6 డెసిబెళ్లు, తగ్గించి వింటే ఆ 'విశాలం' చాలావరకు మాయమైంది.

రిపేరు బల్ల (వరంగల్)

పదిలో ఏడుకు ఆ మిగిలిన నూటికి రెండున్నర తేడాయే కారణమై ఉండవచ్చు, కాకపోవచ్చు. మరో ఇరవైసార్లు చేస్తే తప్ప చెప్పలేం. మీ అమ్మాయికి ఒకసారి నా దుకాణానికి వస్తే ఓసిలోస్కోపు చూపిస్తానని చెప్పండి.

సెకండ్ షిఫ్ట్ (గోదావరిఖని)

నా పరీక్ష కూడా అయింది. పదిలో ఆరు. రాత్రిపూట మాత్రం ప్లేయరులోనే వింటాను, ఫోను అటక మీద పెడతాను.

క్యాసెట్ కాక (కరీంనగర్)

డెక్కు మర తిప్పినవా తమ్ముడూ?

చౌరస్తా శ్రోత (హన్మకొండ)

తిప్పాను కాకా. రెండో క్యాసెట్టుతో మొదలుపెట్టాను. స్పాంజి మెత్త మీరన్నట్టే ఊడి మూలన పడి ఉంది, ఒక ఖాళీ క్యాసెట్టు నుంచి తీసి అతికించాను. రెండు చానళ్లూ కలిపి వింటూ మరను ఎడమకు గోరు మందమంత తిప్పేసరికి, అప్పటిదాకా డోలు వెనక గుసగుసలాడుతున్న నపీర ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. పక్కగదిలో పేపరు చదువుతున్న మా బాపు లేచివచ్చి తలుపు దగ్గర నిలబడి, కథ చెబుతున్న పూజారిది ఏ ఊరో, ఆ రోజు చలి ఎట్లుండెనో చెప్పడం మొదలుపెట్టారు. ఆ వివరాలన్నీ క్యాసెట్టు అట్ట మీద పెన్సిలుతో రాసిపెట్టాను, ఆల్బమ్ బొమ్మ మీదికి ఎక్కించాలి.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. క్యాసెట్టు తిప్పేటప్పుడు కథలో ముప్పై సెకన్లో, నిమిషమో పోయింది. మొదటి పక్క చివరిమాటకు రెండో పక్క మొదటిమాటకు పొంతన లేదు. రెండు ఫైళ్లనూ కలిపేసి మధ్యలో మసకగా జారేలా చేయాలనుకున్నాను, బాపు వద్దన్నారు. పోయింది పోయినట్టే తెలియాలట. కనుక 02అ, 02ఆ అని విడిగానే ఉంచుతున్నాను. ఇంకా పది ఉన్నాయి. వాటిలో నాలుగో నంబరు క్యాసెట్టు టేపు చుట్టలో ముడతపడి ఉంది, దాన్ని కరీంనగర్ తీసుకొస్తే చూస్తారా కాకా?

క్యాసెట్ కాక (కరీంనగర్)

తీసుకురా. ముడత ఉన్న చోట చుట్టకు, లాగకు, ఎట్లున్నది అట్లనే డబ్బాలో పెట్టి బస్సెక్కు.